మూడు ఓముల మోటరు

సీడ్ పత్తికి నీళ్లు కట్టే రోజుల్లో మా ఇటిక్యాలలో వైండింగ్ షాపు ముందు కాలిన బోరు మోటర్లు వరసగా పడి ఉంటాయి. సబ్‌మెర్సిబుల్ స్టేటరు సన్నగా, పొడుగ్గా ఉంటుంది. దాని గాళ్లలోంచి పాలీ వైరును ఒక్కో చుట్టుగా ఈ చివర నుంచి ఆ చివరకు లాగాలి. తొందరపడితే పొర గీసుకుపోతుంది, పని మళ్లీ మొదటికొస్తుంది. ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి ఇంటికెళ్తూ ఆ షాపు అరుగు మీద కూర్చోవడం నాకు ఇరవై ఏళ్ల అలవాటు. ఏకాంతర విద్యుత్తు పాఠం నాకు నిజంగా తలకెక్కింది అక్కడే.

ఒకరోజు మేస్త్రి చుట్టిన కొత్త కాయిల్‌కు మల్టీమీటరు పెట్టాను. ఫేజుకు 3 ఓములు చూపించింది. 240 వోల్టులను 3తో భాగిస్తే 80 ఆంపియర్లు. అంత పారితే వైరు మాడిపోవాలి. మోటరు తీసుకునేదేమో ఏడెనిమిదే. ఇదెట్లా అని అడిగాను.

"సారూ, మీ మీటర్ల ఉండేది బ్యాటరీ. దానికి రాగి ఒక్కటే కనబడ్తది. ఇనుము కనబడదు" అన్నాడు.

జూరాల నీళ్ల నుంచి వచ్చినా, రామగుండం బొగ్గు నుంచి వచ్చినా, మన కరెంటు సెకనుకు 50 సార్లు పోయి వస్తుంది. అది మారిన ప్రతిసారీ ఇనుములోని అయస్కాంతత్వమూ మారాలి. ఆ మార్పుకు కాయిల్ ఎదురు తిరుగుతుంది. పాఠంలో ప్రేరక ప్రతిరోధం అన్నది దీన్నే. 0.1 హెన్రీ కాయిల్ 50 హెర్ట్జ్ దగ్గర 31 ఓముల పైచిలుకు అడ్డు చూపుతుంది. అదే కాయిల్‌కు బ్యాటరీ తగిలిస్తే ఈ అడ్డు సున్నా. మేస్త్రి రోటరు తీసిన స్టేటరుకు పూర్తి వోల్టేజీ ఎప్పుడూ ఇవ్వనివ్వడు. మధ్యలో గాలి మిగిలితే ప్రతిరోధం పడిపోయి కరెంటు ఎగబాకుతుంది. ఆయన ఏ సూత్రమూ రాయడు. చెయ్యి పట్టుకుని ఆపుతాడు.

రాగి నిరోధం తీసుకున్నది వేడిగా పోతుంది. ప్రతిరోధం తీసుకున్నది మాత్రం కాసేపు అయస్కాంతంగా దాచి మళ్లీ లైనుకే ఇచ్చేస్తుంది. అందుకే ఈ రెండింటినీ మామూలుగా కూడకూడదు. పునాదికి మూల కుదిరిందో లేదో చూడ్డానికి తాపీమేస్త్రీలు 3, 4, 5 అడుగులు కొలుస్తారు కదా, ఇక్కడా అదే లెక్క: 3 నిరోధం, 4 ప్రతిరోధం అయితే మొత్తం అడ్డు 5. ఆ మొత్తమే అవరోధం. దీనికి ఇంగ్లీషులో ఇంపీడెన్స్ అని పేరు పెట్టింది ఆలివర్ హెవిసైడ్, 1886లో.

ఇప్పుడు నా బోరు సంగతి. 5 హెచ్.పి. మోటరు సుమారు 7.5 ఆంపియర్లు లాగుతుంది. నీళ్లు తోడే పనికి వెళ్లేది 6. అయస్కాంతం కోసం అటూ ఇటూ తిరిగేది 4.5. ఇదీ 3-4-5 లెక్కే. స్టార్టరు దగ్గర 2 కేవీఏఆర్ కెపాసిటరు పెడితే ఆ 4.5లో 2.8 దాకా అక్కడికక్కడే సర్దుతుంది, లైనులోకి రాదు. ఉచిత విద్యుత్తు 2004లో వచ్చిన తొలి ఏళ్లలోనే కెపాసిటరు పెట్టుకోవాలన్నారు. తెలంగాణలో 2018 జనవరి 1న 24 గంటల కరెంటూ మొదలైంది. బిల్లు లేదు కాబట్టి కెపాసిటరు ఉబ్బితే పీకి పారేస్తాం. నేనూ పీకేశాను. రెండు పంటలు అట్లాగే నడిపాను.

నాకు బిల్లు రాలేదు, నిజమే. కానీ ఆ అదనపు కరెంటు నా చేను గట్టున ఆగదు. ట్రాన్స్‌ఫార్మర్ దాకా తీగనంతా వేడెక్కిస్తుంది, చివరి బోరుకు వోల్టేజీ తగ్గిస్తుంది. వోల్టేజీ చాలని మోటరు తిరగలేక మూలుగుతుంది. అట్లా నిలబడే మామూలు కన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగి కాలుతుంది. మా లైను చివరన ఉన్నది చిన్నాయన బోరు. ఒక్క ఎండాకాలంలో ఆయన మోటరు రెండుసార్లు ఆ అరుగు మీదికొచ్చింది. కాల్చింది నా ఒక్క మోటరే అనలేను. నాకు సంబంధం లేదని మాత్రం అంతకన్నా అనలేను.

పోయిన ఆదివారం మేస్త్రిని వెంటబెట్టుకుని కొత్త కెపాసిటరు బిగించాను. టంగ్ టెస్టరు పెట్టి చూస్తే మోటరు వైపు అదే ఏడున్నర. స్టార్టరుకు పైన, మా అందరి తీగలో, ఆరుంబావు. తీగలో నా మోటరు పుట్టించే వేడి దాదాపు మూడో వంతు తగ్గినట్టు. రేపు చిన్నాయన స్టార్టరుకు ఒకటి పట్టుకెళ్తున్నాం.