ఆంగ్లపదార్జనమున లక్షణోదాహరణములు

ఆంగ్లపదములను నేర్చుట యనఁగా నొక పట్టికలోని పదములను, వాని కెదుట వ్రాయఁబడిన తెలుఁగుమాటలను వల్లించుటయే యను నభిప్రాయము మన పాఠశాలలలోఁ జిరకాలమునుండి వ్యాపించియున్నది. ఈ దురభ్యాసమునకు మూలము మన యమరకోశపఠనమే యని కొందఱు విమర్శకులు పలుకుచుందురు. ఆ నింద న్యాయ్యము కాదనియు, ఆంగ్లకోశములలోని లక్షణవాక్యములయొక్కయు నుదాహరణవాక్యములయొక్కయు గుణదోషములను నిర్ణయించుటకు మన శాస్త్రములే తగిన యొరగల్లనియు నిరూపించుట యీ వ్యాసముయొక్క యుద్దేశము.

ముందుగా నమరుని మాట. ఆ గ్రంథమునకు నామలింగానుశాసన మని పేరు. నామములను మాత్రమే చెప్పి యూరకుండక, వానితోపాటు లింగమును గూడ నమరుఁ డేల చెప్పెను? పదార్థ మెఱిఁగియు లింగ మెఱుఁగనివాఁడు విశేషణమును జేర్పలేఁడు, విభక్తిని బలుకలేఁడు. అనఁగా నా పదమును వాక్యమునఁ బ్రయోగింపలేఁడు. కావున నర్థముతోడనే ప్రయోగయోగ్యతయు బోధింపవలెనని యమరుని మతము. పర్యాయములను మాత్రము కంఠస్థము చేసి లింగమును విడిచినవారిది తప్పుగాని కోశకారునిది కాదు. ఆంగ్లమున మన విద్యార్థులు చేయుచున్నదియు నిదియే. 'స్టీల్' అనఁగా దొంగిలించుట, 'రాబ్' అనఁగా దొంగిలించుట యని వల్లించిన బాలుఁడు, దొంగ తన గడియారమును 'రాబ్' చేసెనని నిశ్శంకముగా వ్రాయును. 'స్టీల్' అను క్రియకుఁ గర్మము పోయిన వస్తువనియు, 'రాబ్' అను క్రియకుఁ గర్మము సొమ్ము పోఁగొట్టుకొన్న మనుష్యుఁడో, ధనాగారమో యనియు వానికిఁ దెలియదు. అర్థము వచ్చినది, అనుశాసనము రాలేదు.

శక్తిగ్రహమునకు వ్యాకరణము, ఉపమానము, కోశము, ఆప్తవాక్యము, వ్యవహారము, వాక్యశేషము, వివృతి, సిద్ధపదసాన్నిధ్యము అని యెనిమిది సాధనములను బెద్దలు చెప్పిరి. ఈ యెనిమిదింటిలోఁ గోశ మొక్కటి మాత్రమే. వానిలో వ్యవహారమే ప్రధాన మని పెక్కండ్ర మతము. వృద్ధుఁ డొకఁడు 'ఆవును దెమ్ము' అనఁగా మఱియొకఁడు తెచ్చును. 'ఆవును గట్టుము', 'గుఱ్ఱమును దెమ్ము' అని వాక్యములు మాఱినకొలఁది, ప్రక్కనున్న బాలుఁ డావాపోద్వాపములచేత నే పదమున కే యర్థమో విడఁదీసికొనును. పదములు ముందు తమ యర్థములను జెప్పి పిమ్మట నన్వయించునా, అన్వితములైన యర్థములనే చెప్పునా యని భాట్టులకుఁ బ్రాభాకరులకుఁ గల వివాదమును దీర్ప నిచట నవసరము లేదు. అన్యభాష నేర్చువానికి రెండును గావలెను. లక్షణవాక్యము మొదటిదానికిని, ఉదాహరణవాక్యము రెండవదానికిని సాధనము. వానిచుట్టు నాంగ్లము పలికెడు వృద్ధులు లేరు గనుక, ఆ వ్యవహారమునకు మాఱుగా నుండవలసినది పుస్తకములోని యుదాహరణమే.

అయినను, వాక్యములోఁ బద మున్నంతమాత్రమున నది యుదాహరణము కాదు. సిద్ధపదసాన్నిధ్యమునకు శాస్త్రజ్ఞులు చూపు దృష్టాంతమును బరికింపుఁడు. మామిడిచెట్టుమీఁదఁ బికము మధురముగాఁ గూయుచున్నదని వినినవాఁడు, పిక మను పద మెఱుఁగకున్నను, మామిడి, మధురము, కూఁత అను నెఱిఁగిన పదముల బలముచేత నది కోయిల యని గ్రహించును. దానికి బదులుగా 'పికమును జూచితిని' అని యుదాహరించినచో వినువానికి లభించిన దేమి? చూడఁదగిన దేదో యొకటి యని మాత్రమే. మొదటిది పదమును వెలిగించు వాక్యము. రెండవది పదమును మోయు వాక్యము. మన పాఠశాలల పదపట్టికలలోని వాక్యములలో నధికభాగ మీ రెండవజాతికిఁ జెందినవే. పదమును వ్రేలితో మూసి తక్కిన వాక్యమును జదివినపుడు, ఆ చోట నే యర్థము గల పద ముండవలెనో కొంతయైనఁ దోఁచుచో నది మంచి యుదాహరణము. తోఁపనిచో నది కాగితమునకు భారము.

ఇచట మఱియొక భేదమును గూడఁ జెప్పవలసియున్నది. ప్రమాణోదాహరణము వేఱు, బోధకోదాహరణము వేఱు. శామ్యూల్ జాన్సను 1755లో వెలువరించిన యాంగ్లకోశమున లక్షకుఁ బైఁబడిన ప్రయోగములను గ్రంథములనుండి యెత్తి చూపెను. 1884లో మొదటి భాగము వెలువడి 1928లో ముగిసిన ఆక్స్‌ఫర్డు మహాకోశము, వేలకొలఁది చదువరులు పంపిన చీటీలమీఁద నిర్మింపఁబడినది. మన బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరమును (1885), ఆంధ్రసాహిత్యపరిషత్తు పూనికతో 1936నుండి వెలువడిన సూర్యరాయాంధ్రనిఘంటువును నీ మార్గమునకుఁ జెందినవే. ఈ పద మున్నదా, ఎవ్వరు వాడిరి, ఎప్పటినుండి యున్నది యను ప్రశ్నలకు వానిలోని ప్రయోగములు సమాధానములు. విద్యార్థి యడుగు ప్రశ్న యది కాదు. నేనెట్లు వాడవలెను అని వాఁ డడుగును. కాఁబట్టి యీ మహాకోశములు బాలబోధకు జాలవని నిందించుటయుఁ దగదు, బాలుని చేతికి వానినే యిచ్చుటయుఁ దగదు. జాన్సను వల వంటి యల్లికను దెలుపు 'నెట్‌వర్క్' అను సులభపదమునకు, దానికంటెఁ బదిరెట్లు కఠినములైన పదములతో లక్షణము చెప్పినాఁడని ప్రసిద్ధి. పండితున కది వినోదము, బాలునకుఁ జీఁకటి.

ఈ దోషమును దీర్చుటకై విద్యార్థికోశములు పుట్టినవి. ఢాకా యందలి యుపాధ్యాయశిక్షణకళాశాలలోఁ బనిచేసి, వంగదేశపు బాలుర యాంగ్లపఠనక్లేశమును జూచిన మైకేల్ వెస్టు, ఎండికాటుతోఁ గలసి 1935లో నొక కోశమును బ్రకటించెను. ఇంచుమించు 24,000 పదములకును బలుకుబళ్లకును 1,490 పదములతోనే యర్థములు చెప్పిన కోశ మది. అన్యోన్యాశ్రయ మను దోషమునకుఁ దగిన చికిత్స యిది. అయితే పదములను గుఱుచ చేసినకొలఁది లక్షణ మతివ్యాప్తమగుట తప్పదు. 'గ్లాన్స్' అనఁగాఁ ద్వరగాఁ జూచుట యని చెప్పితి మనుకొందము. సంత యంతయుఁ ద్వరత్వరగాఁ దిరిగి చూచి వచ్చినవానికిని లక్షణము పట్టును, పదము పట్టదు. మాటాడుచునే గడియారమువంక 'గ్లాన్స్' చేసి, ప్రొద్దుపోయినదని లేచిపోయినాఁడను నుదాహరణము చేర్చినపుడు, ఒక్క క్షణముపాటు దృష్టిని బఱపి మరల్చుకొనుట యను విశేషము తెలిసి యతివ్యాప్తి తొలఁగును. కావున లక్షణము సులభమగుకొలఁది నుదాహరణముయొక్క బాధ్యత పెరుఁగును. నా సిద్ధాంతమున కిదియే జీవము: ఉదాహరణము లక్షణమునకు నలంకారము కాదు; లక్షణము చేయలేని పరిచ్ఛేదమును జేయు నంగము.

హార్న్‌బీ, గేటెన్‌బీ, వేక్‌ఫీల్డు అను మువ్వురు జపానుదేశమున బోధించి కూర్చిన కోశము 1942లోఁ దోకియోలో వెలువడి, 1948లో ఆక్స్‌ఫర్డువారిచేతఁ బునర్ముద్రితమైనది. ఇందలి విశేషము క్రియాపదముల యన్వయప్రకారములను వర్గములుగా విభజించి చూపుట. అమరుని లింగానుశాసనమువంటి దిది. 'నాకు వివరించెను' అను తెలుఁగు చతుర్థిని బట్టి మనవారు 'ఎక్స్‌ప్లెయిన్' పిమ్మట 'టు' అను విభక్త్యర్థకమును విడిచి నేరుగా 'మి' అని వ్రాయుదురు. 'టెల్' అను క్రియకుఁ జెల్లు నీ ప్రయోగము దానికిఁ జెల్లదు. 'గూర్చి చర్చించు' అను మన పలుకుబడి ననుసరించి 'డిస్కస్' పిమ్మట ననవసరముగా 'అబౌట్' చేర్తురు. ఇట్టి చోట్ల నర్థబోధ యెంత చేసినను వ్యర్థము; అన్వయప్రకారమును జూపు వాక్యమే శరణ్యము. ఇట్లు కల్పించిన యుదాహరణములలో నొక లోప మున్నది. వ్యాకరణమును జూపుటకే పుట్టిన వాక్య మొక్కొక్కప్పుడు నిర్జీవమై, ఏ మనుష్యుఁడును బలుకని మాటయై యుండును.

1987లో జాన్ సింక్లెయరు బర్మింగ్‌హామున నడపిన కొబిల్డు కోశము దీనికిఁ బ్రతిక్రియ. యంత్రసాహాయ్యమున సేకరించిన యథార్థవ్యవహారమునుండి యుదాహరణముల నెత్తి, లక్షణమును గూడ సంపూర్ణవాక్యముగా వ్రాయుట దాని పద్ధతి. ఒకఁడు మఱియొకనిని 'రాబ్' చేసినచో, వాని సొమ్మును బలిమిచేత నపహరించినాఁడని యర్థము — ఇట్టి తీరున వ్రాసినచో, కర్త యెవఁడు, కర్మ మేది యను ప్రశ్నలకు లక్షణమునందే యుత్తరము లభించును. లక్షణోదాహరణముల నడుమ గోడను గూల్చిన యీ యుపాయము మెచ్చఁదగినది. అయినను యథార్థమైన దంతయు బోధకము కాదు. వార్తాపత్రికనుండి తెంచి తెచ్చిన వాక్యమున నెఱుఁగని వ్యక్తులు, ఎఱుఁగని ప్రసంగము అడ్డుపడినపుడు, విద్యార్థి దృష్టి పదమును విడిచి వానివెంటఁ బోవును. దొరకినదియా, కల్పించినదియా యనునది ముఖ్యము కాదు. పికవాక్యమువలె వెలిగించుచున్నదా యనునదే ముఖ్యము.

ఈ కోశములలోఁ గొఱఁత యేదనఁగా వ్యతిరేకము. అన్వయవ్యతిరేకములు రెండును లేనిదే నిశ్చయము కలుగదు. ఇట్లు వాడుదురని చెప్పుటతోఁ జాలదు. ఇట్లు వాడరని కూడఁ జెప్పవలెను. ఇటీవలి కోశములలో నిట్టి హెచ్చరిక లచ్చటచ్చటఁ గలవు. కాని యవి సర్వదేశపు విద్యార్థులకును సమానముగా వ్రాయఁబడినవి. తెలుఁగువాని తప్పు తెలుఁగునుండి పుట్టును. మనకుఁ దేనీరు చిక్కనిది, ఆంగ్లేయులకది 'స్ట్రాంగ్'. మనకు వాన పెద్దది, వారికది 'హెవీ'. మన 'విను' ఒక్కటియే. వారి 'హియర్' చెవిని బడుటయు, 'లిసెన్' చెవి యొగ్గుటయు. ఒక్కొక్కచోట మనభాషయే సూక్ష్మమైనది. 'బారో' అనఁగా నప్పు తెచ్చుకొనుట యని వ్రాసినచో నవ్యాప్తి. తెచ్చిన వస్తువునే తిరిగి యిచ్చునది ఎరువు. అట్టి వస్తువునే మఱియొకదానిని దిరిగి యిచ్చునది బదులు. ఈ రెంటిని, ధనపుటప్పును గూడ నా యొక్క పదమే తెలుపును. ప్రక్కయింటి గొడ్డలి, చేఁటెఁడు బియ్యము, నూఱు రూపాయలు — ఈ మూఁటితో మూఁడు వాక్యములు వ్రాసి, ఇచ్చువాని వైపునుండి 'లెండ్' అను క్రియతో వానినే తిరిగి వ్రాయించినచో, ఆ రెండు పదములును బాలునికి జీవితాంతము తాఱుమాఱు కావు.

ఇట్టి వ్యతిరేకోదాహరణములను లండనులో నున్న కోశకారుఁడు వ్రాయలేఁడు. వానికి మన యెరువును దెలియదు, బదులును దెలియదు. బాలుని వ్యాసమును దిద్దునపుడు ఎఱ్ఱసిరాతో గీఁత గీసి పాఱవైచు ప్రతి తప్పును నీ కోశమున కొక చీటీ. ఆక్స్‌ఫర్డు మహాకోశమునకుఁ జదువరులు చీటీలు పంపినట్లు, మన యుపాధ్యాయులు తమ శిష్యుల తప్పులను, వాని మూలములైన తెలుఁగుపలుకుబళ్లతోడ సేకరించి యుంచినచో, తెలుఁగువానికొఱకుఁ దెలుఁగువాఁడు వ్రాయఁదగిన యాంగ్లకోశమునకు సామగ్రి సిద్ధమగును. ఉభయభాషలు నెఱిఁగిన పండితులకే యీ పని తగును. వారు పూనుకొనకున్నచో బాలురు పట్టికలను వల్లించుచునే యుందురు. దొంగలు గడియారములను 'రాబ్' చేయుచునే యుందురు.