అరగని టైరుకూ వయసుంటుంది

పాత కార్ల ప్రదర్శనకు వెళ్తే అందరి చూపూ క్రోమ్ బంపర్ మీద, మళ్లీ వేయించిన పెయింట్ మీద, కొత్తగా కుట్టించిన సీట్ల మీద పడుతుంది. ఏళ్ల తరబడి పాత బళ్లతో బతికినవాళ్లు మాత్రం ముందు వంగుతారు. చక్రం పక్కన గొంతుక్కూర్చుని, సైడ్‌వాల్ మీద బొటనవేలు రాసి, గ్రిప్పు సందుల్లోకి తొంగిచూసి, ఆ తర్వాతే లేచి ఇంజిన్ సంగతి అడుగుతారు. ఆ వంగి చూడటం ఒక విద్య. మీటరు చెప్పే కిలోమీటర్లను పక్కనపెట్టి, రబ్బరు బతికిన కాలాన్ని బట్టి టైరు పరిస్థితి చెప్పే విద్య. మేస్త్రి దగ్గర నుంచి షెడ్డులో కుర్రాడికి చూపుతోనూ చేత్తోనూ అందుతూ వచ్చింది. పాత కారును ప్రేమించే ప్రతివాళ్లూ నేర్చుకోవలసినది ఇదేనని నా గట్టి నమ్మకం.

రోజూ ఆఫీసుకు తిరిగే కారుకు దీనితో పెద్దగా పని పడదు. దాని టైర్లు ముసలివి కాకముందే అరిగిపోతాయి. ఇంట్లో అపురూపంగా దాచుకున్న అంబాసిడరో, ప్రీమియర్ పద్మినియో అలా కాదు. ఆదివారం పొద్దున ఒక చుట్టు, పండక్కి ఒకసారి ఊరు, ఎవరింట్లోనైనా పెళ్లయితే పూలదండలు. ఏడాదంతా కలిపినా వెయ్యి కిలోమీటర్లు దాటవు. పదేళ్లయినా గాడుల లోతు కొత్త టైరులాగే నిండుగా ఉంటుంది. చట్టం అడిగే 1.6 మిల్లీమీటర్ల లోతు దానికి ఎప్పుడూ సమస్య కాదు. మోసమంతా ఆ నిండుతనంలోనే ఉంది.

చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాముల పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్ట్‌ను చూసినవాళ్లకు ఈ మాట త్వరగా అర్థమవుతుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చిన బండి అది. చేతికి అందేలోపే, 1911లో, ఆయన కన్నుమూశారు. ఆ తర్వాత దాన్ని అరుదైన సందర్భాలకే బయటికి తీయడంతో, వందేళ్లకు పైబడిన జీవితంలో అది తిరిగింది కొన్ని వందల మైళ్లే. ఉక్కు, ఇత్తడి, చెక్క అలా ఆగి ఉండగలవు. రబ్బరు ఆగదు. అలాంటి కారుకు ఎంత మంచి టైరు వేసినా, కారు కదిలినా కదలకపోయినా, తయారైన రోజు నుంచే దాని వయసు లెక్కలోకి వస్తుంది.

ఎందుకలా? 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో కలిపి వేడిచేసినప్పుడు జరిగింది ఏమిటంటే, పొడవాటి రబ్బరు గొలుసుల మధ్య గంధకం వంతెనలు కట్టింది. ఎండకు జిగురుగా కారిపోయే పదార్థం సాగి వెనక్కి వచ్చే పదార్థంగా మారింది. ఆ వంతెనలు ఎన్ని ఉండాలో అన్నే ఉంటేనే టైరుకు సత్తువ. గాలిలోని ఆక్సిజన్ ఆ లెక్కను నెమ్మదిగా పాడుచేస్తుంది. కొన్నిచోట్ల గొలుసులు తెగుతాయి, కొన్నిచోట్ల కొత్త ముడులు పడతాయి. రబ్బరు బిరుసెక్కుతుంది. పాత కాగితాల కట్టకు వేసిన రబ్బరు బ్యాండు ముట్టుకోగానే పుటుక్కున తెగుతుందే, అదే జబ్బు టైరులో ఇంకా నెమ్మదిగా నడుస్తుంది. పైగా టైరులో ఆక్సిజన్ బయటి నుంచే కాదు, ఒత్తిడితో నింపిన లోపలి గాలి నుంచి కూడా కొద్దికొద్దిగా ఇంకుతుంది. అంటే మనకు కనిపించని పొరలు, దారాలకూ రబ్బరుకూ మధ్య ఉన్న అతుకులు కూడా ముసలివవుతుంటాయి.

ఓజోన్ దారి వేరు. గాలిలో అతి స్వల్పంగా ఉన్నా అది సాగి ఉన్న రబ్బరును పట్టుకుంటుంది. సాగిన దిశకు అడ్డంగా సన్నని నెర్రెలు తెస్తుంది. అందుకే టైరు ఎక్కువగా వంగేచోట, అంటే బరువుకు ఉబ్బే సైడ్‌వాల్ మీద, గ్రిప్పు గాడుల అడుగున, పగుళ్లు మొదలవుతాయి. దీనికి విరుగుడుగా తయారీలోనే ఒకరకం మైనం, కొన్ని రక్షక రసాయనాలు కలుపుతారు. టైరు తిరుగుతూ వంగుతూ ఉంటే అవి పైకి వచ్చి సన్నని పొరగా నిలుస్తాయి. నెలల తరబడి షెడ్డులో కదలకుండా నిలబెట్టిన కారుకు ఆ పొర సరిగా అందదు. పాత కారును ఎండకన్నెరగకుండా దాచినా టైర్లు నెర్రెలిచ్చాయని బాధపడేవారికి జవాబు ఇదే. అప్పుడప్పుడు తిప్పి ఉంటే అవి ఇంకొంత కాలం బాగుండేవి.

మన ఎండల సంగతి వేరే చెప్పాలి. ఇలాంటి రసాయన చర్యల వేగం ప్రతి పది డిగ్రీల వేడికి దాదాపు రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క ఉంది. అమెరికా రహదారి భద్రతా సంస్థ ఒక బీమా కంపెనీ లెక్కలు చూపించింది. ఆ కంపెనీ ఖాతాదార్లలో టెక్సాస్, కాలిఫోర్నియా, లూసియానా, ఫ్లోరిడా, అరిజోనా వాళ్లు 27 శాతమే. టైర్ల క్లెయిముల్లో మాత్రం 77 శాతం ఆ వేడి రాష్ట్రాల నుంచే వచ్చాయి. వాటిలోనూ 84 శాతం ఆరేళ్లు దాటిన టైర్లవి. టెక్సాస్‌లో స్థిరపడి పాత మస్టాంగ్ కొనుక్కున్న మన పిల్లలకు ఈ లెక్క ఎంత పనికొస్తుందో, రెంటచింతలలోనో రామగుండంలోనో రేకుల షెడ్డు కింద పద్మినిని నిలిపినవాళ్లకూ అంతే పనికొస్తుంది.

ఇక వయసు చదవడం. టైరు సైడ్‌వాల్ మీద డీఓటీ అనే అక్షరాలతో మొదలయ్యే వరస ఒకటుంటుంది. దాని చివర నాలుగంకెలు చూడాలి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. ఆ అంకెలు చాలాసార్లు ఒకవైపే ఉంటాయి. బయటివైపు కనిపించకపోతే కారు కిందికి టార్చి వేసి లోపలివైపు చూడాలి. ఈ శ్రమకు వెనకాడి వదిలేసేవాళ్లే ఎక్కువ. 2000కు ముందు మూడంకెలే వేసేవారు. 238 అంటే 23వ వారం అని తెలుస్తుంది కానీ, చివరి 8 ఏ దశాబ్దానిదో ఆ అంకెలు చెప్పవు. చెప్పనక్కర్లేదు కూడా. మూడంకెలు కనబడ్డాయంటే ఆ టైరు పాతికేళ్లు దాటేసింది. దాన్ని గోడకు ఆనించి అలంకారంగా పెట్టుకోవచ్చు, రోడ్డు మీదికి తీసుకురాకూడదు.

ఎన్నేళ్లు చాలు? కొన్ని కార్ల కంపెనీలు ఆరేళ్లంటాయి. మిషెలిన్ అయిదేళ్ల తర్వాత ఏటా నిపుణుడికి చూపించమంటుంది, పైకి ఎంత బాగున్నా పదేళ్లకు తీసేయమంటుంది. మన వేడికి నేను చెప్పేది ఇది: ఆరో ఏడు నుంచి ఏటా రిమ్ము నుంచి విప్పించి చూడాలి, ఎనిమిదో ఏట మార్చేయాలి. పదేళ్లు దాటిన దానితో బేరాలాడొద్దు. 2013 నవంబరులో కాలిఫోర్నియాలో నటుడు పాల్ వాకర్ చనిపోయిన పోర్షె ప్రమాదానికి అతివేగమే కారణమని దర్యాప్తులో తేలింది. అయితే ఆ కారు టైర్లు తొమ్మిదేళ్ల నాటివని కూడా దర్యాప్తు చేసినవాళ్లు రాసిపెట్టారు. కారు తక్కువ తిరిగింది, టైర్ల మీద గ్రిప్పూ ఉంది.

అంకెలు చదివాక చేతికి పని. కారును జాకీ మీద లేపి చక్రాన్ని నెమ్మదిగా తిప్పాలి. గ్రిప్పుకు దగ్గరగా ఒక సుద్దముక్కను కదలకుండా పట్టుకుంటే, టైరు ఎక్కడ ఎత్తుగా ఉందో అక్కడ గీత పడుతుంది. ఒకేచోట గీత పడుతుంటే లోపల పొర విడిపోతోందని అనుమానించాలి. సైడ్‌వాల్ మీద బుడిపె కనిపిస్తే లోపల దారాలు తెగినట్టే. దానికి మరమ్మతు లేదు, ఆ రోజే తీసేయాలి. చర్మం మీది గీతల్లా సన్నగా, పైపైనే ఉన్న నెర్రెలను కొంతకాలం గమనించవచ్చు. గోరు దిగే పగులు, గాడి అడుగున చుట్టూ పాకిన పగులు, దారం కనిపించే పగులు ఈ మూడింటికీ గడువివ్వకూడదు. గోటితో నొక్కినప్పుడు మంచి రబ్బరు కాస్త లొంగి తిరిగి వస్తుంది. బిరుసెక్కింది గాజులా ఎదురు తిరుగుతుంది. వాన రోజున బ్రేకు వేస్తే అలాంటి టైరు రోడ్డును పట్టుకోదు.

రిమ్ము నుంచి విప్పితే ఇంకా చాలా తెలుస్తుంది. పాత కార్లలో ట్యూబులుంటాయి కనుక మన మేస్త్రులకు విప్పడం కొత్తేమీ కాదు. టైరు లోపల నల్లటి పొడి రాలి ఉంటే అది తక్కువ గాలితో పరిగెత్తి లోపలే ఒరుసుకుపోయిందని అర్థం. ట్యూబు మడతలు పడ్డచోట, వాల్వు మొదట్లో పగుళ్లుంటాయి. టైరు మార్చి పాత ట్యూబునే మళ్లీ వేయడం మన దగ్గర అలవాటు. అది మానాలి, ట్యూబూ రబ్బరే. విశాఖ, కాకినాడ వంటి సముద్రపు ఊళ్లలోనైతే రిమ్ము అంచు తుప్పు కూడా గీకించి రంగు వేయించాలి. తుప్పు పెళుసులు టైరు అంచును కోస్తాయి.

ఇన్ని పరీక్షలు చెప్పాక, వాటి హద్దూ చెప్పాలి. కంటిచూపు టైరును చెడ్డదని తేల్చగలదు, మంచిదని మాత్రం తేల్చలేదు. లోపలి అతుకు ఊడే వరకు బయట ఏ గుర్తూ కనబడని టైర్లుంటాయి. అందుకే తేదీ దాటిన టైరు అన్ని పరీక్షలూ నెగ్గినా తీసేయమంటాను. స్టీరింగులో కొత్తగా వచ్చిన వణుకు, ఒకే లయలో డబ్ డబ్ మనే చప్పుడు, వారానికోసారి గాలి దిగిపోవడం లోపలి చేటుకు ఆనవాళ్లు కావచ్చు. చాలా రోజులు ఒకేచోట నిలిపినందుకు కింది భాగం చదునై వచ్చిన వణుకైతే కొన్ని కిలోమీటర్లు వేడెక్కగానే తగ్గుతుంది. తగ్గకపోతే బండి ఆపాలి.

ప్రదర్శనకు ముందు టైర్లకు నిగనిగలాడే పాలిష్ కొట్టడం నాకు నచ్చదు. అది నెర్రెలను కప్పేస్తుంది. నూనె ఆధారంగా తయారయ్యే కొన్ని రకాలు రక్షణనిచ్చే మైనాన్నే లాగేస్తాయి. సబ్బునీళ్లతో కడిగిన మసక నలుపే ఆరోగ్యంగా ఉన్న రబ్బరు రంగు.

స్టెప్నీని అందరూ మరిచిపోతారు. డిక్కీలో ఎండ వేడికి ఉడుకుతూ, ఏనాడూ నేల తాకకుండా, కారుతో పాటు వచ్చిన టైరే ఇప్పటికీ ఉన్న బళ్లు ఎన్నో. "సార్, గ్రిప్పు చూడండి, కొత్త టైరే ఇది" అంటాడు పంక్చర్ షాపు అబ్బాయి, మంచి మనసుతోనే. కానీ జాతీయ రహదారి మీద ముందు టైరు పేలినరోజు బరువంతా పడేది ఆ టైరు మీదే. ఉత్తరపరా ఫ్యాక్టరీలో అంబాసిడర్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. అంటే అసలు స్టెప్నీతో ఉన్న ఏ అంబాసిడర్‌కైనా ఆ టైరు గడువు తీరిపోయింది.

మార్చాలని నిర్ణయించుకున్నాక అసలు కష్టం సైజుతో. పాత అంబాసిడర్‌కు 5.90-15, పద్మినికి 5.20-14 క్రాస్‌ప్లై టైర్లు. మొదటి అంకె వెడల్పు, రెండోది రిమ్ము కొలత, రెండూ అంగుళాల్లో. అరుదైన సైజు దొరికిందన్న ఆనందంలో తేదీ చూడటం మరిచిపోతారు. గోడౌన్‌లో పన్నెండేళ్లు పడుకున్న టైరు కాగితం చుట్ట విప్పకపోయినా పన్నెండేళ్లదే. విదేశాల్లో కోకర్, లాంగ్‌స్టోన్ వంటి సంస్థలు పాత కార్ల టైర్లే అమ్ముతాయి. వాటిలో పాత డిజైన్లనే కొత్త రబ్బరుతో పోసినవి ఉంటాయి. మన దేశంలో మాత్రం 2020 జూన్ నుంచి టైర్ల దిగుమతిపై ఆంక్షలున్నాయి కనుక తెప్పించుకోవడం సులువు కాదు. చాలామంది దగ్గరి కొలతలో రేడియల్‌కు మారుతున్నారు. బాగా నడపాలనుకునేవారికి అది తెలివైన పనే. అయితే నాలుగూ ఒకేసారి మార్చాలి. ఒకే యాక్సిల్ మీద ఒకటి క్రాస్‌ప్లై, ఒకటి రేడియల్ ఎప్పుడూ ఉండకూడదు. రేడియల్స్ ముందు, క్రాస్‌ప్లై వెనక వేస్తే మలుపులో వెనకభాగం జారిపోతుంది.

మార్చిన టైరు తయారీ వారం, వేసిన తేదీ, వేసిన చక్రం కారు లాగ్‌బుక్కులో రాసి పెట్టండి. కారు నిలిపి ఉంచే కాలంలో గాలి కాస్త ఎక్కువ కొట్టించి, నెలకోసారైనా నాలుగు కిలోమీటర్లు తిప్పండి. రోడ్డెక్కే ముందు మాత్రం గాలిని మామూలు కొలతకు తేవాలి. తీసేసిన టైర్లను షాపులో ఊరికే వదిలి రావద్దు. గ్రిప్పు నిండుగా ఉన్న టైరును తుడిచి, పాలిష్ కొట్టి, సెకండ్‌హ్యాండ్‌గా ఏ ఆటోట్రాలీకో, ఏ పల్లెటూరి టాక్సీకో అమ్మేవాళ్లుంటారు. మేస్త్రి చేత సైడ్‌వాల్‌ను మీ కళ్లముందే అడ్డంగా కోయించి, అప్పుడు ఇచ్చేయండి.