నిలువు తప్పని గీత

లాలా దీన్‌దయాళ్ తీసిన భవనాల ఫోటోలు దొరికితే, ఒక్కసారి నిలువు గీతల కోసమే చూడండి. స్తంభం, గోడ అంచు, బురుజు, తలుపు చట్రం... ఏది ఎక్కడ మొదలైనా నిట్టనిలువుగా పైకి పోతుంది. పైకి వెళ్లేకొద్దీ లోపలికి ఒరిగిపోదు. సెల్‌ఫోన్ పైకెత్తి చార్మినార్‌ను దగ్గర నుంచి తీసినవాళ్లందరికీ తెలుసు: మినార్లు ఒకదానివైపు ఒకటి వాలి, కట్టడమంతా వెనక్కి పడబోతున్నట్టు వస్తుంది. నూట నలభై ఏళ్ల కిందట చెక్కపెట్టె కెమెరాతో, గాజు పలకల మీద పనిచేసిన ఆ మనిషి ఫోటోల్లో ఆ వాలు లేదు. దానికి కారణం సగం ఆయన కెమెరాలో ఉంది. మిగతా సగం ఆయన చేసిన ఉద్యోగంలో ఉంది.

మనకు ఆయన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్‌గా, రాజా దీన్‌దయాళ్‌గా తెలుసు. సికింద్రాబాద్‌లో స్టూడియో, ముసవ్విర్ జంగ్ బిరుదు, 1897లో విక్టోరియా రాణి ఇచ్చిన గుర్తింపు, ఇవన్నీ తర్వాతి సంగతులు. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టిన దీన్‌దయాళ్, రూర్కీలోని థామసన్ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, 1866లో ఇండోర్ ప్రజాపనుల శాఖ కార్యాలయంలో హెడ్ ఎస్టిమేటర్‌గా, డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు. కట్టబోయే భవనానికి నక్షా గీయడం, దానికి ఎంత ఖర్చవుతుందో అంచనా వేయడం ఆయన పని. ఫోటోగ్రఫీ ఆ పని పక్కన పట్టుకున్న అభిరుచి. ఇండోర్ మహారాజు రెండో తుకోజీరావు, బ్రిటిష్ ప్రతినిధి సర్ హెన్రీ డాలీ వెన్నుతట్టారు. 1875-76లో వేల్స్ యువరాజు భారతదేశానికి వచ్చినప్పుడు ఆ పర్యటన ఫోటోలు తీసే అవకాశం దక్కింది. అంత పేరు వచ్చాక కూడా ఆయన కుర్చీ వదల్లేదు. 1880ల నడిమి దాకా, ఇంచుమించు ఇరవై ఏళ్లు, సర్కారు జీతం మీదే ఉన్నారు, ఫోటోలు ఆ పక్కనే తీశారు. ఉద్యోగం మానడానికి ముందు కూడా సెలవు పెట్టి చూసుకున్నారు, ఆ తర్వాతే విరమణ.

ఈ ఇరవై ఏళ్లను చాలామంది ఆయన అసలు జీవితానికి ముందుమాటలా రాసి దాటేస్తారు. నేను ఒప్పుకోను. ఆయన చెయ్యి తయారైంది అక్కడే.

డ్రాఫ్ట్స్‌మన్ గీసే బొమ్మల్లో ఎలివేషన్ అని ఒకటుంది. భవనం ముఖానికి సరిగ్గా ఎదురుగా నిలబడి చూస్తే కనిపించేది, దూరం వల్ల వచ్చే వంకరలేవీ లేకుండా, కొలతకు సరిపోయేలా గీస్తారు. గోడ నిలువు కాగితం మీద కూడా నిలువే. రోజూ అలాంటి గీతలు గీసినవాడికి ఒరిగిన గోడ కంట్లో నలుసులా ఉంటుంది. కెమెరా దగ్గరికొచ్చేసరికి దీన్‌దయాళ్‌కు ఆ పట్టింపు అక్కరకొచ్చింది. ఆ కాలపు కెమెరాలో లెన్స్ ఉన్న ముందు పలక, బొమ్మ పడే వెనక గాజు వేరువేరుగా కదులుతాయి. గోపురం పై కొన అందకపోతే కెమెరాను పైకి వంచకూడదు. పెట్టెను మట్టంగా ఉంచి, లెన్స్‌ను మాత్రం పైకి జరపాలి. వెనక గాజు గోడకు సమాంతరంగా ఉన్నంతసేపూ నిలువు గీత నిలువుగానే పడుతుంది. సూత్రం ఇంతే. కానీ నల్లగుడ్డ కింద తలదూర్చి, గాజు మీద తలకిందులుగా పడిన మసకబొమ్మను చూస్తూ దాన్ని పాటించాలి. కొత్తవాళ్లను ఆ తలకిందుల బొమ్మ తికమకపెడుతుంది. భవనాన్ని గీతలుగా, కొలతలుగా చూడటం అలవాటైన కంటికి మాత్రం తలకిందులైనా గీత గీతే.

పని ఎంత కష్టమో కూడా చెప్పాలి. ఆయన మొదలుపెట్టిన 1870లలో తడి పలకల పద్ధతి నడిచేది. శుభ్రంగా తుడిచిన గాజు మీద కొలోడియన్ అనే చిక్కటి ద్రవం పోసి, పలకను నాలుగు మూలలకూ వంచుతూ సమంగా పారించాలి. పొర పల్చబడినచోటా, గీత పడినచోటా ఫోటో పోయినట్టే. చీకట్లో దాన్ని సిల్వర్ నైట్రేట్‌లో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి, ఫోటో తీసి, వెంటనే చీకటి గుడారంలోకి తెచ్చి డెవలప్ చేయాలి. అన్నీ కొద్ది నిమిషాల్లో జరగాలి. మధ్యభారతపు ఎండలో ఆ తడి ఎంతసేపు నిలుస్తుంది? పైగా అప్పట్లో ఫోటోను పెద్దది చేసుకోవడం మామూలు వ్యవహారం కాదు. కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద నెగటివ్‌ను ఆనించి ఎండలో పెట్టి అచ్చు తీసేవారు. పన్నెండు అంగుళాల ఫోటో కావాలంటే పన్నెండు అంగుళాల గాజు మోయాల్సిందే. 1880లలో పొడి పలకలు వచ్చి ఈ హడావుడి తగ్గింది, గాజు బరువు మాత్రం తగ్గలేదు.

ఆ పలకలకు ఇంకో గుణం ఉంది. నీలం రంగును తొందరగా పట్టుకుంటాయి. ఎరుపు వాటికి దాదాపు కనిపించదు. అందుకే ఆనాటి ఫోటోల్లో ఆకాశం తెల్లగా, వట్టిగా ఉంటుంది. 1880ల మొదట్లో దీన్‌దయాళ్ బ్రిటిష్ అధికారి సర్ లెపెల్ గ్రిఫిన్‌తో కలిసి మధ్యభారతపు పాత కట్టడాలు తీస్తూ తిరిగారు. ఆ ఫోటోలు 1886లో పుస్తకంగా వచ్చాయి. వాటిలో గ్వాలియర్ కోట ఉంది. అక్కడి మాన్ మందిర్ గోడల మీద నీలం టైల్స్ పట్టీలు, వాటి మధ్య బాతులు, ఏనుగులు ఉంటాయి. కంటికి ముదురుగా కనిపించే ఆ నీలం ప్లేటు మీద తేలికబడుతుంది. పసుపు ఛాయ రాయి మాత్రం ముదురుతుంది. కంటికి కనిపించే అందం వేరు, పలక పట్టుకునేది వేరు. కాబట్టి రంగును నమ్ముకోలేం, నీడను నమ్ముకోవాలి. ఎండ ఏటవాలుగా పడే వేళ కోసం కాచుకుంటే బురుజు గుండ్రంగా ఉబికి వస్తుంది, చెక్కడం లోతు తెలుస్తుంది. నడినెత్తిన సూర్యుడుంటే అదే గోడ చదునైపోతుంది. సాంచీ తోరణాల వంటి చోట్ల ఈ వేళను ఎంచుకోవడమే సగం పని. ఎస్టిమేటర్‌కు తొందరపడి లెక్క రాయకూడదన్న క్రమశిక్షణ ఉంటుంది. ఆ ఓపిక ఈ ఫోటోల్లో నాకు కనిపిస్తుంది.

హైదరాబాద్ వచ్చాక రాజభవనాలు, దర్బార్లు, వేటలు, విందులు, కవాతులు అన్నీ తీశారు. 1892లో పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని నడపడం కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల మహిళకు అప్పగించారు. వ్యాపారదక్షత కూడా తక్కువది కాదు. అయినా నా మట్టుకు నాకు ఆ దర్బారు ఫోటోల కన్నా ఉద్యోగి దీన్‌దయాళ్ తీసిన రాతికట్టడాలే మిన్న. దర్బారులో ఆయన యజమానికి నచ్చేలా తీశారు, కట్టడాల దగ్గర తన కంటికి నచ్చేలా తీశారు.

ఉద్యోగం చేస్తూ ఫోటోగ్రఫీ నేర్చుకుంటున్నవాళ్లు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. ఖాళీ దొరకడం లేదని, కొత్త లెన్స్ కొనలేకపోతున్నామని బాధపడుతుంటారు. వాళ్లకు ఒక్క మాట. మీ ఉద్యోగం మీ కంటికి ఇప్పటికే ఏదో నేర్పి ఉంటుంది. నర్సుకు ముఖంలో అలసట కనిపెట్టడం తెలుసు. బస్సు కండక్టరుకు గుంపు ఎటు కదులుతుందో తెలుసు. వడ్రంగికి చెక్క చార ఎటు పోతుందో తెలుసు. ఫోటోకు కావలసిన చూపు అదే. దాన్ని ఆఫీసులో వదిలేసి, ఎవరో తీసిన సూర్యాస్తమయాన్ని మళ్లీ తీయడానికి ఆదివారం బయల్దేరకండి.

ఇంకొకటి. 1905లో దీన్‌దయాళ్ కన్నుమూశారు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచేసింది. ఆయన తీసిన నగరం ఆ వరదకు ముందటి నగరం. ఆయన స్టూడియో గాజు నెగటివ్‌లు 2,857ను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం కొన్నది. ఫోటోల మీద సంఖ్యలు, పేర్లు రాసిపెట్టే అలవాటు ఆయనకు ఉండబట్టి, ఏది ఎక్కడిదో ఇవాళ పోల్చుకోగలుగుతున్నారు. మీ ఆఫీసు దారిలో పాత మండువా ఇల్లో, పెంకుటింటి బడో, మూతపడిన సినిమా హాలో ఉంటే, పొద్దున్నే ఏటవాలు ఎండలో దాని ఎదురుగా నిలబడి తీయండి. ఫోన్ తెర మీద గళ్ల గీతలు పెట్టుకుని, ఫోన్‌ను పైకి వంచకుండా వెనక్కి నడవండి, లేదా ఎదుటి మేడ ఎక్కండి. తీశాక ఊరు, వీధి, తేదీ తప్పకుండా రాసి దాచండి.