దూరపు తెర: సులభమైన నియమము, బలహీనమైన తాళము

విండోస్ కొరకు వ్రాసిన ప్రోగ్రాము లినక్స్ కంప్యూటరులో సాధారణముగా నడువదు. అయినను ఒకదాని యెదుట కూర్చుండి, దూరముననున్న రెండవదానిని నడుపవచ్చును. ఇందుకై ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఆలివెట్టి పరిశోధనాలయమువారు రూపొందించిన వి.ఎన్.సి. పద్ధతి 1998లో వెలువడినది. దాని నియమావళి 2011లో ఆర్.ఎఫ్.సి. 6143 అను పేర ప్రకటింపబడినది.

ఈ నియమావళిలో మెచ్చదగిన గుణము సులభత్వము. దూరయంత్రము తన తెరపై మారిన భాగములను దీర్ఘచతురస్రములుగా తీసికొని, వానిలోని చుక్కల రంగులను పంపును. చూచువారి యంత్రము మీటల నొక్కుళ్లను, మౌసు కదలికలను తిరిగి పంపును. 1024 × 768 చుక్కల తెరకు, చుక్కకు 4 బైట్ల చొప్పున, సుమారు 31 లక్షల బైట్లు కావలెను. మారిన భాగములనే పంపుటకు కారణ మిదియే. రంగుచుక్కకు విండోస్ అనియు లినక్స్ అనియు భేదము లేదు. కనుకనే రెండును కలిసి పనిచేయుచున్నవి.

లోపము తాళములో కలదు. ఈ నియమావళిలోని తాళమునకు సంకేతపదమున మొదటి 8 అక్షరములే లెక్కకు వచ్చును. తాళము తీసిన పిమ్మట సాగు సమాచారమునకు మరుగు లేదు. ఉపాధ్యాయుడు దూరమునుండి మార్కుల పట్టికను తెరచినచో, దారిలో పొంచియున్నవాడును దానిని చూడగలడు. ఈ దౌర్బల్యమును నియమావళియే ఒప్పుకొని, ఎస్.ఎస్.హెచ్. వంటి రహస్యలిపి మార్గమును సూచించినది. సూచన మంచిదే; కాని రక్షణను వాడువారి వివేకమునకు విడిచిపెట్టుట సరికాదు. చిత్రమును పంపుటలో గుణమైన సులభత్వమే కాపలాలో దోషమైనది.