అహర్గణమునకు వారసులు

ఒక యింటి పెద్ద అయిదవ తేదీన కాలము చేసినచో పదునొకండవనాటి కర్మ పదునైదవ తేదీన వచ్చునని చెప్పుటకు మన పల్లెలలో నెవ్వరును కాగితమును వెదకరు. పోయిన దినమే మొదటి దినమని వారెఱుగుదురు. ఆ లెక్కనే డేటాబేసునకు ఒప్పగించి, పదునైదవ తేదీ నుండి అయిదవ తేదీని తీసివేయుమన్నచో, అది పది యని బదులిచ్చును. రెండును ఒప్పులే. మనవారు దినములను ఎంచుదురు. యంత్రము వాని నడిమి దూరమును కొలుచును. సెలవుచీటీల లెక్కలలో తఱచుగా ఒక దినము పెరుగుటకో తరుగుటకో ఈ భేదమే మూలము.

ఒక ఆదిదినము నుండి గడచిన దినముల సంఖ్యగా తేదీని దాచుట డేటాబేసులలోని తేదీల లెక్కకు పునాది. పోస్ట్‌గ్రెస్ అను డేటాబేసు 2000 జనవరి 1ని సున్నగా గ్రహించును. మన సిద్ధాంతులు క్రీ.పూ. 3102లో కలియుగము ప్రారంభమైనదని నిశ్చయించుకొని, నాటినుండి గడచిన సౌరమాసములకు అధికమాసములను కూర్చి, ముప్పదిచే హెచ్చించి, గడచిన తిథులను చేర్చి, క్షయతిథులను తీసివేసి సాధించిన అహర్గణ మిట్టిదే. ఆ సంఖ్యను ఏడుచే భాగింపగా మిగిలిన శేషము వారమును తెలుపును. వారము సరిపడనిచో ఒకటి కలుపుటయో తీయుటయో వారి వాడుక. ఆ ఒకటి వారిని సైతము వదలలేదన్నమాట!

వారు మాసమునకు మధ్యమమానమును గ్రహించిరి గనుక మాసములను దినములుగా మార్చుట సాధ్యమైనది. ఇంగ్లీషు నెల యన్ననో, 28 మొదలు 31 వఱకు ఎన్ని దినములైనను కావచ్చును. 2024 జనవరి 31కి ఒక నెల కూర్చినచో పోస్ట్‌గ్రెస్ ఫిబ్రవరి 29కి చేరును. మఱియొక నెల కూర్చిన మార్చి 29. మొదటనే రెండు నెలలు కూర్చియుండినచో మార్చి 31. ఒరాకిల్ అను మఱియొక డేటాబేసులోని నెలలు కూర్చు సాధనము నెల కడపటి దినమును మఱియొక నెల కడపటి దినమునకే చేర్చును. ఇంటి అద్దెకు ఆ మర్యాదయే మేలనియు, వడ్డీకి దినముల లెక్కయే మేలనియు నా తలంపు. డేటాబేసుల భాషయైన ఎస్‌క్యూఎల్‌కు 1992లో వెలువడిన ప్రమాణము వత్సర మాసముల వ్యవధిని, దిన ఘంటల వ్యవధిని వేర్వేఱు జాతులుగా విడదీసినది ఈ చిక్కు నెఱిగియే. దినమును సైతము నమ్మరాదు: న్యూజెర్సీలోని మనవారికి గడియారమును ఒక గంట ముందునకు జరుపు మార్చి రెండవ ఆదివారమున ఇరువదిమూడు గంటలే యుండును.

వ్యవధికి మొదలును కలుపుకొని, తుదను విడుచుట యింకొక మెలకువ. కల్యాణమండపమును ఒక పెండ్లివారు పదిగంటలకు ఖాళీ చేసినచో, అదే పదిగంటలకు వేఱొకరు దిగవచ్చును. తుదను కూడ కలుపుకొన్నచో ఆ క్షణమున ఇరువురును తగవులాడినట్లు లెక్కకు వచ్చును. ఒకరి రాక రెండవవారి పోకకు ముందును, రెండవవారి రాక మొదటివారి పోకకు ముందును ఉన్నప్పుడే రెండు వ్యవధులు ఢీకొనును, పరీక్ష యింతమాత్రమే. 2012లో వెలువడిన పోస్ట్‌గ్రెస్ 9.2 నుండి వ్యవధిని ఒకే విలువగా దాచి, అట్టి ఢీకొనుటను పట్టికయే నిరాకరించునట్లు కట్టడి చేయవచ్చును. గుమాస్తా మఱచినను మండపము ఇరువురకు పోదు.