నెత్సుకే చెక్కడాలలో జానపద కథ: సేకర్తల పఠనంపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: జపాన్ నెత్సుకేలను సేకర్తలు జానపద కథలకు సూక్ష్మ చిత్రణలుగా గుర్తించి, కథానామంతో జాబితాలకెక్కించారు. నెత్సుకే కథకు బొమ్మ కాదని, వాడుక విధించిన నియమాలలో రూపుదిద్దుకున్న పాఠాంతరమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అందుకు కియోహిమె, బుంబుకు చగమ, ఇక్కకు సెన్నిన్ కథల చెక్కడాలను ఆధారంగా తీసుకుంటుంది.

కీలకపదాలు: నెత్సుకే, ఎదో కాలం, జానపద కథ, పాఠాంతరం, సేకరణ, ఋష్యశృంగుడు.

1. ఉపోద్ఘాతం

జేబులు లేని దుస్తులు నెత్సుకే పుట్టుకకు మూలం. ఎదో కాలంలో (1603–1868) కిమొనో ధరించిన పురుషులు మందుల పెట్టెను గాని, పొగాకు తిత్తిని గాని ఒక దారానికి కట్టి నడుముపట్టీ నుంచి వేలాడదీసేవారు. ఆ దారం జారిపోకుండా పట్టీ పై అంచున అడ్డుగా నిలిచే చిన్న చెక్కడమే నెత్సుకే. పొడుగు పుల్లల వంటి రకాలను మినహాయిస్తే, ఇవి సాధారణంగా పిడికిలిలో ఇమిడిపోతాయి. కొయ్య, ఏనుగు దంతం, దుప్పికొమ్ము వీటికి ప్రధాన ముడిసరుకులు. మెయిజీ కాలంలో పాశ్చాత్య దుస్తులు, సిగరెట్టు వాడుకలోకి రావడంతో వీటి అవసరం తగ్గింది. నడుము విడిచిన నెత్సుకేలు విదేశీ సేకర్తల బీరువాలలోకి చేరాయి. ఈ స్థానమార్పు వాటిలోని కథను చదివే తీరును కూడా మార్చింది.

2. పేరు పెట్టడంతో ఆగిన పఠనం

నెత్సుకే శిల్పుల గురించిన తొలి ముద్రిత ఆధారంగా పేరొందిన ‘సోకెన్ కిషో’ 1781లో ఒసాకాలో వెలువడింది. ప్రధానంగా కత్తి అలంకారాలకు సంబంధించిన ఆ గ్రంథం యాభైకి పైగా నెత్సుకే శిల్పులను పేర్కొంది. అప్పటికి ఇవి వాడుకలో ఉన్న వస్తువులు. కథ తెలిసిన సమాజానికి కథను గుర్తుపట్టే నిఘంటువుతో పని లేదు. ఆ అవసరం విదేశీ సేకర్తకు కలిగింది. హెన్రీ జోలీ 1908లో లండన్‌లో ప్రచురించిన ‘లెజెండ్ ఇన్ జపనీస్ ఆర్ట్’ ఈ అవసరాన్ని తీర్చిన గ్రంథాలలో ముఖ్యమైనది. అది అకారాది క్రమంలో పురాణ, జానపద పాత్రలను వివరిస్తుంది. చేతిలోని బొమ్మ ఎవరిదో తెలుసుకోవడానికి దాని ఉపయోగం కాదనలేనిది. అయితే ఈ పద్ధతిలో కథ ముందు, చెక్కడం వెనుక నిలుస్తాయి. బొమ్మను పాత్రనామంతో ముడిపెట్టగానే పఠనం పూర్తయినట్లు భావించే అలవాటు ఏర్పడుతుంది. అనేక ఘట్టాలున్న కథలో శిల్పి ఈ ఒక్క ఘట్టాన్నే ఎందుకు ఎంచుకున్నాడన్న ప్రశ్న అక్కడ తలెత్తదు.

3. వాడుక ఎంచుకున్న ఘట్టం

నెత్సుకేకు కొన్ని నియమాలు తప్పనిసరి. బట్టకు తగులుకునే మొనలు ఉండకూడదు. బరువును మోయగలిగేంత గట్టిగా ఉండాలి. దారం దూరడానికి ‘హిమొతోషి’ అనే రంధ్రాలు కావాలి. ఏ వైపు తిప్పినా చూడదగినట్లుండాలి కాబట్టి అడుగుభాగాన్ని సైతం చెక్కుతారు. ఈ నియమాలు కథ నుంచి ఘట్టాన్ని ఎంపిక చేస్తాయి.

దోజోజి ఆలయ కథలో కియోహిమె అనే యువతి తనను వంచించిన యువభిక్షువును తరుముతుంది, నదిని దాటుతుంది, సర్పంగా మారుతుంది. చివరకు అతడు దాగిన గంటను చుట్టుకొని తన తాపంతో దహిస్తుంది. నాటకానికి, చిత్రపటానికి ఆ పరుగంతా వస్తువే. నెత్సుకేకు మాత్రం గంట, దాని చుట్టూ బిగిసిన సర్పశరీరం చాలు. మొనలు లేని గుండ్రని రూపం అక్కడ కథ నుంచే లభిస్తుంది. పరుగు లుప్తమై బిగింపు ఒక్కటే మిగిలినప్పుడు ఆ కథ ప్రతీకార కథగా కంటే విడిపించుకోలేని బంధపు కథగా అర్థమవుతుంది.

బుంబుకు చగమ కథదీ ఇదే తీరు. కుక్కజాతికి చెందిన తనుకి అనే జంతువు తేనీటి పాత్రగా మారుతుంది. పొయ్యి మీద పెట్టగానే తల, కాళ్ళు, తోక బయటికి వస్తాయి. శిల్పులు ఇష్టపడినది ఈ సగం మారిన స్థితినే. పాత్ర గుండ్రదనం వాడుకకు సరిపోతుంది. బయటికి వచ్చిన తల కథను గుర్తుచేస్తుంది. మౌఖిక కథనంలో క్షణంలో ముగిసిపోయే రూపాంతరం ఇక్కడ శాశ్వతమవుతుంది. మూలకథలో లేని ఈ నిలకడ చెక్కడం చేర్చిన అర్థం.

4. ఏకశృంగుని ప్రయాణం

తెలుగు పరిశోధకులకు మరింత సన్నిహితమైన ఉదాహరణ ఇక్కకు సెన్నిన్. ఆ పేరుకు ఒంటికొమ్ము ముని అని అర్థం. రామాయణ భారతాల ద్వారా తెలుగువారికి పరిచితుడైన ఋష్యశృంగుడే ఇతడు. ఆచార్య నాగార్జునుడికి ఆపాదించే ప్రజ్ఞాపారమితా వ్యాఖ్యను కుమారజీవుడు అయిదో శతాబ్ది ఆరంభంలో చైనా భాషలోకి అనువదించాడు. ఏకశృంగుని కథ అందులో ఉంది. జపాన్‌లో ఈ కథ ‘కొంజకు మొనొగతరిషు’ సంకలనంలోను, నో నాటకంలోను స్థానం పొందింది.

మహాభారతంలో వేశ్య ఋష్యశృంగుణ్ణి నావ మీద అంగదేశానికి తీసుకువస్తుంది. బౌద్ధ కథనంలో ముని ఆమెను తన భుజాలపై మోసుకుంటూ నగరానికి వస్తాడు. నెత్సుకే శిల్పులకు ప్రీతిపాత్రమైనది ఈ మోసే ఘట్టమే. రెండు శరీరాలు ఒకే ముద్దగా కలుస్తాయి. అవయవాల నడుమ ఏర్పడే సందే దారం దూర్చే రంధ్రం కాగలదు. నెత్సుకే పని కూడా బరువు మోయడమే. స్త్రీని మోస్తున్న ముని, వాడే మనిషి నడుము వద్ద అతని పొగాకు తిత్తి బరువును సైతం మోస్తాడు. కథలోని క్రియ, వస్తువు చేసే క్రియ ఇక్కడ ఒక్కటవుతాయి. నాటకంలో ప్రధానమైన వర్షం, నాగరాజుల విముక్తి ఈ చెక్కడంలో కనిపించవు. మిగిలినది తపస్వి మెడ మీది భారం. దీనిని ‘ఇక్కకు సెన్నిన్, దంతం’ అని నమోదుచేసి వదిలేస్తే, భారతదేశం నుంచి బయలుదేరిన ఒక కథారూపం పొందిన విలక్షణమైన పాఠాంతరం పరిశోధకుల దృష్టికి రాదు.

5. అరుగుదల, గాజు, విలువ

ఏళ్ళ తరబడి చేతి స్పర్శతో ఏర్పడే నునుపును సేకర్తలు ‘నరె’ అంటారు. ముక్కు అరిగిన బొమ్మ దానిని ఏ వేలు ఎక్కువగా తడిమిందో చెబుతుంది. జానపద కథకు పునఃకథనం ఎటువంటిదో నెత్సుకేకు ఈ అరుగుదల అటువంటిది. విపణిలో ఇది పాతదనానికి గుర్తుగా మారింది. దాంతో కృత్రిమంగా రంగు పట్టించిన నకళ్ళు, దొంగ సంతకాలు పుట్టుకొచ్చాయి. సంతకమే విలువకు కొలమానమైతే సంతకం లేని పనితనం వెనుకబడుతుంది. వింత జీవుల చెక్కడాలకు ప్రసిద్ధుడైన ఒసాకా శిల్పి యొషిమురా షుజాన్ తన నెత్సుకేలపై సంతకం చేయలేదన్నది ఇక్కడ గమనార్హం.

స్పర్శ విలువను సాహిత్యంలో బలంగా చెప్పిన రచన ఎడ్మండ్ డి వాల్ ‘ద హేర్ విత్ ఆంబర్ ఐస్’ (2010). పారిస్, వియన్నా, టోక్యోల మీదుగా సాగిన 264 నెత్సుకేల కుటుంబ చరిత్ర అది. నాజీల కాలంలో అన్నా అనే పనిమనిషి వాటిని పరుపులో దాచి కాపాడిన ఘట్టం పాఠకులు మరువలేనిది. అయినా ఆ గ్రంథం ప్రధానంగా యజమానుల చరిత్ర. బొమ్మలలోని కథల చరిత్ర అందులో గౌణమే.

దంతపు వ్యాపారంపై నేడున్న ఆంక్షలు సమర్థనీయమైనవి. 2022లో అమలులోకి వచ్చిన బ్రిటన్ దంత చట్టం 1918కి ముందువైన, అసాధారణ కళా, సాంస్కృతిక, చారిత్రక విలువ గల వస్తువులకు మినహాయింపునిచ్చింది. ఆ విలువను నిర్ణయించేటప్పుడు పనితనంతోపాటు అరుగుదలను, వాడుక ఆనవాళ్ళను కూడా పరిగణించాలా అన్న ప్రశ్న విమర్శకులు చర్చించవలసినది.

6. ముగింపు

సేకర్తలు లేకపోతే ఈ చెక్కడాలలో ఎన్నో నశించిపోయేవి. వారి జాబితాలు లేకపోతే కథల గుర్తింపు సాధ్యమయ్యేది కాదు. ఆ రుణాన్ని అంగీకరిస్తూనే, గుర్తింపును పఠనంగా పొరబడకూడదని చెప్పవలసి ఉంది. కథకుడి నోట పాఠాంతరం ఏర్పడినట్లే దారం, రంధ్రం, బరువు, స్పర్శల వల్ల కూడా పాఠాంతరం ఏర్పడుతుంది. కనుక కథారూపాల వ్యాప్తిని పరిశీలించేవారు లిఖిత, మౌఖిక ఆధారాలతోపాటు వాడుక వస్తువులను కూడా స్వతంత్ర పాఠాలుగా లెక్కించాలి. నెత్సుకేను అన్ని వైపుల నుంచీ, ముఖ్యంగా గాజుపెట్టెలో కనిపించని అడుగువైపు నుంచీ చదవడం అందుకు తొలిమెట్టు.