గుండ్లు చెదిరినప్పుడు

వంద గజాల దూరంలో కాగితం మీద మూడు చిల్లులు పడ్డాయి. మూడింటినీ ఒక రూపాయి బిళ్ల కప్పేస్తుంది. కాసేపాగి అదే రైఫిల్‌తో, అదే పెట్టెలోని తూటాలతో మళ్లీ మూడు కాలిస్తే చిల్లులు అరచేయంత మేర చెదిరిపోతాయి. తమ తూటాలు తామే నింపుకునే అమెరికా వేటగాళ్లలో ఈ చిక్కు ఎదురుకాని వారు దాదాపు ఉండరు. నవంబరు జింకల సీజన్ దగ్గర పడుతుంటుంది, రైఫిల్ మాట వినదు. అప్పుడు చాలామంది వెంటనే చేసే పని మందు కొలత మార్చడం. నన్నడిగితే అది అన్నిటికన్నా చివర చేయాల్సిన పని.

తూటాలో ఉండేవి నాలుగే. ఇత్తడి గుల్ల, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మందు, మూతిలో బిగించిన గుండు. పేల్చాక గుల్ల ఒక్కటే మిగులుతుంది. దాన్ని డై అనే అచ్చులో నొక్కి పాత కొలతకు తెచ్చి, కొత్త ప్రైమర్ అమర్చి, మందు తూచి పోసి, గుండు కూర్చోబెడితే తూటా మళ్లీ సిద్ధం. 1870లలో పడమటి మైదానాల్లో బైసన్ వేటగాళ్లు తమ షార్ప్స్ రైఫిళ్ల గుల్లల్ని విడిదిలో కూర్చుని ఇలాగే నింపుకునేవారు. ఈ పని అమెరికాలో అంతగా వేళ్లూనుకోవడానికి ప్రైమర్ కూడా ఒక కారణం. ఎడ్వర్డ్ బాక్సర్ అనే ఆంగ్లేయుడి పద్ధతిలో గుల్ల అడుగున నడిమధ్య ఒకే రంధ్రం ఉంటుంది. లోపలినుంచి సన్నని కడ్డీతో పొడిస్తే పాత ప్రైమర్ ఊడి వస్తుంది. హైరమ్ బెర్డాన్ అనే అమెరికన్ పద్ధతిలో రంధ్రాలు మామూలుగా రెండు, అవీ పక్కలకు ఉంటాయి. ఊడదీయడం కష్టం. విచిత్రంగా ఆంగ్లేయుడి పద్ధతి అమెరికాలో, అమెరికన్ పద్ధతి యూరప్‌లో స్థిరపడ్డాయి.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ పనికి గొప్ప ఊపు వచ్చింది. సైన్యం దగ్గర మిగిలిపోయిన మందును కాన్సాస్‌లో బ్రూస్ హాడ్జ్‌డన్ కొని అమ్మాడు. నెబ్రాస్కాలోని గ్రాండ్ ఐలండ్‌లో జాయిస్ హోర్నడీ 1949లో గుండ్ల తయారీ మొదలుపెట్టాడు. జాన్ నోస్లర్ కథ వేరు. 1946లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా అడవుల్లో అతను మూస్ అనే ఒక పెద్ద జింకను కొట్టాడు. బురద అట్టకట్టిన దాని చర్మం దగ్గరే గుండు చితికిపోయి, లోపలికి దిగలేదు. ఆ జంతువు పడిన బాధ నుంచే, మధ్యలో రాగి గోడ ఉండి ముందు సగం విచ్చుకున్నా వెనక సగం చెక్కుచెదరని ‘పార్టిషన్’ గుండు పుట్టింది. పొదుపు కోసం మొదలైన పని, వేటగాడి పూచీగా మారిన తీరు ఇది.

ఇక చెదిరిన గుండ్ల సంగతి. మొదట అడగాల్సిన ప్రశ్న: నిజంగా ఏమన్నా చెడిందా? మూడు గుండ్ల గ్రూప్, అంటే వరుసగా కాల్చిన చిల్లుల గుంపు, చాలా తక్కువ చెబుతుంది. సగటున పది గుండ్లు రెండంగుళాల మేర పడే రైఫిల్‌తో మూడేసి చొప్పున కాలిస్తే, ఆ మూడింటి విస్తృతి సగటున అంగుళంపావు మాత్రమే వస్తుంది. అది కూడా సగటే. తుపాకీలో గానీ తూటాలో గానీ ఏ మార్పూ లేకుండానే ఒకసారి ముప్పావు అంగుళం, మరోసారి రెండంగుళాలు రావచ్చు. మొదటిది చూసి ‘ఇదే నా రైఫిల్ సత్తా’ అని నమ్మినవాడు, రెండోది వచ్చాక లేని జబ్బుకు వైద్యం మొదలుపెడతాడు. ఎంత తూటా ఖర్చయినా సరే, పది కాల్చాకే తీర్పు చెప్పాలి.

పది కాల్చాక కాగితాన్ని కొలిచే ముందు దాని ఆకారం చూడాలి. చిల్లులు నిలువుగా బారు తీరితే ఒక రకం అనుమానం: బ్యారెల్ గొట్టం వేడెక్కి దాని కింది పిడిని, అంటే స్టాక్‌ను, తాకుతోందా, ముందున్న ఇసుక సంచి మీద రైఫిల్ ఆనే చోటు మారుతోందా, ఊపిరి అదుపులో లేదా. అడ్డంగా పరుచుకుంటే గాలినో, ట్రిగ్గర్‌ను పక్కకు లాగే వేలినో చూడాలి. రెండు ముద్దలుగా విడిపోయి, ఒక్కో ముద్ద మాత్రం బిగువుగా ఉంటే దాదాపు ఖాయంగా ఎక్కడో ఏదో వదులై రెండు చోట్ల మధ్య కదులుతోంది.

మందు కొలతను చివరకు నెట్టడానికి కారణం లెక్కలోనే ఉంది. సెకనుకు 2800 అడుగుల వేగంతో బయల్దేరే గుండ్ల మధ్య 50 అడుగుల తేడా వచ్చిందనుకుందాం. చేత్తో నింపేవారు సిగ్గుపడేంత తేడా అది. వంద గజాల దగ్గర దాని మూలాన గుండు కిందికి జారే తేడా రెండు మిల్లీమీటర్ల పైచిలుకు, అంతే. నాలుగు వందల గజాలకు వెళ్తే నాలుగైదు సెంటీమీటర్లు అవుతుంది కాబట్టి దూరం కాల్చేవారికి అది ముఖ్యమే. కానీ వంద గజాల్లో అరచేయంత చెదిరిన గ్రూప్‌కు ఆ రెండు మిల్లీమీటర్లను నిందిస్తే ప్రయోజనం లేదు. గ్రెయిన్‌లో పదో వంతు, అంటే ఆరున్నర మిల్లీగ్రాములు, అటో ఇటో అయిందని రాత్రంతా తూకం దగ్గర కూర్చునే వాళ్ల శ్రద్ధకు నాకు గౌరవమే. ఆ శ్రద్ధలో సగం స్క్రూడ్రైవర్ మీద పెడితే ఇంకా బాగుంటుంది.

ముందు స్టాక్‌ను బిగించే స్క్రూలు, ఆ తర్వాత స్కోప్ పట్టీల స్క్రూలు చూడాలి. చేతి అంచనా చాలదు, తయారీదారు చెప్పిన బిగువుకు టార్క్ రెంచ్‌తో బిగించాలి. తర్వాత ఒక సన్నని కాగితం ముక్కను బ్యారెల్‌కీ స్టాక్‌కీ మధ్య దూర్చి, కొసనుంచి వెనక్కి జరుపుకుంటూ పోవాలి. బ్యారెల్ స్టాక్‌ను ఎక్కడా తాకకూడదనేలా చేసిన రైఫిల్ అయితే ఆ కాగితం ఎక్కడా ఆగకూడదు. చెక్క స్టాక్ వానాకాలపు తేమకు ఉబ్బి ఒక పక్క నెడుతుంటే, కాగితం సరిగ్గా అక్కడే పట్టేస్తుంది. ఎండలో బాగా కాల్చిన రైఫిల్ ముసురులో దారి తప్పడానికి ఇదే కారణం కావచ్చు.

ఆ పైన గొట్టం లోపల చూడాలి. గుండు పైతొడుగు రాగి కొద్దికొద్దిగా గాడుల్లో పేరుకుంటుంది. అమోనియా కలిసిన ద్రావకంలో తడిపిన తెల్ల గుడ్డ ముక్కను గొట్టంలోంచి తోస్తే అది నీలంగా బయటికొస్తుంది. రాగి ఇంకా ఉందన్నమాట. ముక్క తెల్లగా వచ్చేదాకా తుడిచాక, శుభ్రమైన గొట్టంలోంచి వెళ్లే మొదటి ఒకటి రెండు గుండ్లు మిగతావాటితో కలవకపోవచ్చని గుర్తుంచుకుని వాటిని లెక్కలోంచి తీసేయాలి. గొట్టం మూతి అంచున నొక్కు పడిందేమో కూడా చూడాలి. గుండు గొట్టాన్ని చివరిగా వదిలేది అక్కడే.

కాల్చే మనిషిని పరీక్షించడానికి ఒక పాత పద్ధతి ఉంది, నాకు చాలా ఇష్టమైనది. తోడుగా ఉన్నవాళ్లు రైఫిల్ నింపి ఇస్తారు. ఒక్కోసారి అసలు తూటా, ఒక్కోసారి మందూ ప్రైమరూ లేని ఉత్త తూటా. లోపల ఏదుందో కాల్చేవాడికి తెలియదు. ఉత్త తూటా వచ్చినప్పుడు పేలుడు ఉండదు, తన్ను ఉండదు, టక్కుమని చిన్న చప్పుడే. అయినా గొట్టం మూతి కిందికి ముంచుకుపోతుంది, భుజం ముందుకు తోసుకొస్తుంది. దెబ్బ తగలకముందే ఒళ్లు బెదురుతోందని అక్కడున్న అందరికీ కనబడుతుంది, కాల్చినవాడికి ముందుగా కనబడుతుంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాక, మంచి పేరున్న ఫ్యాక్టరీ తూటాలు పది కాల్చి చూడాలి. అవీ చెదిరితే చిక్కు రైఫిల్‌లోనో మనిషిలోనో ఇంకా ఉంది. అవి ఒకచోట పడి, చేతి తూటాలు మాత్రం చెదిరితే అప్పుడు వర్క్‌బెంచ్ ముందు కూర్చోవచ్చు.

అక్కడ నేను మొదట చూసేది గుల్లల్ని. వేర్వేరు కంపెనీల గుల్లల లోపలి ఘనపరిమాణం ఒకటి కాదు, వాటిని కలిపి నింపకూడదు. పేల్చినకొద్దీ గుల్ల పొడవు సాగుతుంది. .30-06 గుల్ల 2.494 అంగుళాలు దాటకూడదు, అందుకే 2.484కు కత్తిరిస్తారు. మరో సంగతి కంటికి కనబడదు. పదేపదే వంచిన తీగలా గుల్ల మెడ నొక్కుళ్లకూ పేలుళ్లకూ గట్టిపడిపోతుంది. ఒక మెడ గుండును గట్టిగా పట్టుకుంటే ఇంకొకటి వదులుగా పట్టుకుంటుంది. మెడను మాత్రమే క్షణాల పాటు మంటలో తిప్పి మెత్తబరిస్తే పట్టు మళ్లీ సమానమవుతుంది. గుల్ల అడుగు భాగానికి మాత్రం ఆ వేడి ఎప్పుడూ తగలకూడదు. అక్కడ ఇత్తడి మెత్తబడితే పేలుడు ఒత్తిడిని ఆపేది ఏదీ ఉండదు.

తర్వాత గుండు కూర్చునే లోతు. మెత్తని సీసపు మొన ఉన్న గుండ్లలో మొనలు ఒక్కలా ఉండవు, కాబట్టి మొననుంచి కొలిస్తే లెక్క తప్పుతుంది. గుండు వంపులో గాడులను తాకే వ్యాసం దగ్గర కొలిచే చిన్న సాధనాన్ని కాలిపర్‌కు తగిలించి కొలవాలి. లోతు కొద్దికొద్దిగా మార్చి, ఒక్కో లోతుకు సరిపడా తూటాలు కాల్చాలి. ఆ సమయంలో మందు, ప్రైమర్, గుండు ఏవీ మారకూడదు. ఒకేసారి రెండు మార్చినవాడు గ్రూప్ బాగుపడినా ఎందుకు బాగుపడిందో చెప్పలేడు. గుండునో ప్రైమర్‌నో మార్చాల్సి వస్తే మందును లోడింగ్ పుస్తకం చెప్పిన మొదటి కొలతకు దించి మళ్లీ మెల్లగా ఎక్కాలి. గరిష్ఠ కొలత అనేది హద్దు, గమ్యం కాదు.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం కాబట్టి ఈ విద్య మనకు దూరంగా కనిపించవచ్చు. అమెరికాలో వేట లైసెన్సుతో, సీజన్‌కు లోబడి సాగుతుంది. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం తుపాకులు, తూటాల మీది పన్ను రాష్ట్రాల వన్యప్రాణి సంరక్షణకు వెళ్తుంది. అయితే పరీక్షించే ఈ క్రమశిక్షణ మనవాళ్లకు కొత్త కాదు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కంచు పతకం గెలిచిన పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో పోటీదారులు పెల్లెట్లు నింపుకోరు గానీ, రైఫిల్‌ను బిగింపులో పెట్టి ఒక్కో బ్యాచ్‌నూ కాల్చి చూసి, తమ గొట్టానికి నప్పిన బ్యాచ్‌నే పెట్టెలకొద్దీ కొనుక్కుంటారు.

వేటగాడికి పతకాల లెక్క లేదు. ఇంత పనీ చేసి అతను తెలుసుకునేది ఒక దూరం. వంద గజాల్లో పది గుండ్లు రెండంగుళాల్లో వేసే రైఫిల్‌కు మూడు వందల గజాల్లో, గాలి లేకపోయినా, ఆరంగుళాలు కావాలి. తెల్లతోక జింకలో గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటును వేటగాళ్లు ఎనిమిది అంగుళాల వలయంగా లెక్క వేసుకుంటారు. కానీ ఆరంగుళాలన్నది బల్ల మీద ఇసుక సంచులు వేసి కాల్చిన లెక్క. చెట్టుకు ఆనుకుని, చలికి వేళ్లు కొంకర్లు పోతూ, గట్టెక్కిన ఆయాసం తీరకుండా కాల్చేటప్పుడు అది రెట్టింపు కావచ్చు. అందుకే అలాంటి రైఫిల్ ఉన్న మంచి వేటగాడు రెండు వందల గజాలకు అవతల నిలబడ్డ జింక మీద కాల్చడు. చాటున దగ్గరికి వెళ్లే దారి ఉందేమో చూస్తాడు, లేకపోతే వదిలేస్తాడు.